తెరకు ఇవతలి కుటుంబం

మార్చి 3

దర్జీ చేత రాయిస్తున్నాను. నాకు చదువు లేదు. సంతకం అవసరమైన చోట వేలిముద్ర వేస్తాను, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. దర్జీ వరండాకు అవతలి గదిలో ఉంటాడు. మధ్యాహ్నం పూట అతని మిషనుకు పని తక్కువ, నోటికి పని ఎక్కువ. అందుకని ఒప్పందం చేసుకున్నాం. నేను అతని చొక్కాలకు గుండీలు కుట్టిపెడతాను, అతను నా మాటలు రాసిపెడతాడు. సూదిలో దారం మాత్రం అతనే ఎక్కించాలి. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, మధ్యలో నవ్వకూడదు, ఇంట్లో భార్య చెవిన వేయకూడదు. ఒట్టు పెట్టించుకున్నాను. ఒట్టు పెడుతూనే నవ్వాడు.

ఎందుకు రాయించుకుంటున్నానంటే, నిన్న నా గురించి వేరేవాళ్ళు రాసుకుపోయారు. వాళ్ళ రాత వాళ్ళ దగ్గర ఉన్నప్పుడు నా రాత నా దగ్గర ఉండాలి కదా. నా వాదన నాకుండాలి. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. నా చీరల అడుగున ఉంటుంది.

పని వెతుక్కుంటూ ఊళ్ళు మారినవాళ్ళు ఏం చేసి బతుకుతున్నారు, సుఖంగా ఉన్నారా, ఎవరు పైకొచ్చారు, ఎవరు కిందే ఉండిపోయారు అని ఏదో పరిశోధన జరుగుతోందట. దానికోసం ఒక అమ్మాయి పలకలాంటి యంత్రం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. లెక్కల పిల్ల అంటాను నేను. మా గదిలోకి వచ్చి, మధ్యలో కట్టిన తెర చూసింది. తెరకు అటు ఒక పొయ్యి, ఇటు ఒక పొయ్యి చూసింది. ఎవరు ఏ పొయ్యి మీద తింటారని అడిగింది. నా కొడుకూ కోడలూ మనవరాలూ ఆ పొయ్యి మీద, నేను ఈ పొయ్యి మీద అన్నాను. అయితే ఇవి రెండు కుటుంబాలు అమ్మమ్మా అంది. ఒకే వంట తినేవాళ్ళే ఒక కుటుంబమని వాళ్ళ నియమం.

నా కుటుంబానికి పెద్ద ఎవరని అడిగింది. ఇంకెవరున్నారు, నేనే.

ఇన్నేళ్ళూ మొదట మామగారు పెద్ద, తర్వాత మా ఆయన, ఆ తర్వాత కొడుకు. ఇన్నాళ్ళకు నా వంతు వచ్చింది. నా కుటుంబంలో నా మాట వినని వాళ్ళు ఒక్కరూ లేరు.

దర్జీ నవ్వాడు. అదీ రాయమన్నాను.

మార్చి 4

పొయ్యి ఎందుకు వేరు పెట్టానో నిన్న రాయించలేదు. నాకు తెలిసిందే కదా అన్నాను. రాసి ఉంచడమే మంచిది పెద్దమ్మా, రేపు మరిచిపోయి రాజీ పడిపోతారేమో అన్నాడు దర్జీ. అదీ నిజమే.

ఉప్పు. అంతే సంగతి.

నాకు రక్తపోటు ఉందని, ఉప్పు తగ్గించమని డాక్టరు అన్నాడు. తగ్గించమన్నాడు, మానమనలేదు. మా కోడలు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. దుప్పట్లు ఉతికినందుకే తనూ డాక్టరైపోయింది. ఉప్పు డబ్బా దాచేసింది. నాకొక్కదానికే కాదు, ఇంటిల్లిపాదికీ చప్పిడి కూడు. మా వాడు కిమ్మనకుండా తింటాడు. నా నోటికి నువ్వు తాళం వేయలేవన్నాను. ఈ పొయ్యి మీద ఇంతే అత్తయ్యా అంది. నాకు వేరే పొయ్యి ఉందిలే అన్నాను. అప్పటికి లేదు. అన్నాక తెచ్చుకోవలసి వచ్చింది.

తెర దర్జీయే కుట్టాడు. పూల గుడ్డ. పూలన్నీ వాళ్ళ వైపు పడ్డాయి, నాకు వెనకభాగం. ఎవరి వైపు ఏది రావాలో అడిగి కుట్టాల్సింది.

ఇంకొకటి. మా వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. కంపెనీ వాడిని ఇంకో నగరానికి పంపిస్తోంది, అక్కడ ఎత్తు మేడలు ఎక్కువ లేస్తున్నాయట. నెలాఖరుకు ప్రయాణం. నేను వెళ్ళేదీ లేనిదీ ఎవరూ అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. పొయ్యి వేరు పెట్టినదాన్ని, నేనూ వస్తానని ఏ ముఖంతో అంటాను. అడగాల్సింది వాళ్ళు. అడిగితే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకున్నాను. అది ఇక్కడ రాయనక్కర్లేదు.

మార్చి 7

లెక్కల పిల్ల మళ్ళీ వచ్చింది. ఈసారి సుఖం గురించి అడగాలట.

పది మెట్ల నిచ్చెన బొమ్మ చూపించింది. పై మెట్టు మీద ఉంటే అంతకంటే మంచి బతుకు లేదని, కింది మెట్టు మీద ఉంటే అంతకంటే హీనం లేదని అర్థమట. మీరు ఏ మెట్టు మీద ఉన్నారని అడిగింది. నిచ్చెన దేనికి ఆనించారని నేనడిగాను. బొమ్మలో గోడ లేదు. గోడ లేని నిచ్చెన ఎక్కే వయసా నాది? అయినా లిఫ్టు మెకానిక్కు తల్లిని, నాకు మెట్లతో పనేమిటి అన్నాను. పాపం, ఏదో ఒక అంకె చెబితే తప్ప యంత్రం ముందుకు కదలదట. ఎనిమిది వేసుకోమన్నాను. మరీ పైన కూర్చుంటే కింద జరిగేది కనబడదు.

నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావని అడిగాను. ఆ పిల్లదీ ఈ ఊరు కాదు, హాస్టల్లో ఉంటుంది. నన్నెవరూ అడగలేదు అమ్మమ్మా అంది. నేను అడుగుతున్నాను కదా అన్నాను. నాలుగు అంది. నాలుగో మెట్టు మీద నిలబడి, ఎనిమిదో మెట్టు మీద ఉన్నదాని బాగోగులు రాసుకుంటోంది. టీ పెట్టి ఇచ్చాను. పంచదార కూడా బాగా వేశాను, దాచేవాళ్ళు లేరు కాబట్టి.

పోతూ పోతూ ఇంకో మాట చెప్పింది. వయసు మళ్ళిన ఒంటరి మనిషి, ఆదాయం లేదు కాబట్టి నా కుటుంబాన్ని వాళ్ళ యంత్రం అట్టడుగు వర్గంలో వేస్తుందట. మా వాడి కుటుంబం మధ్య వర్గంలో పడుతుందట. ఒకటే గది. తెరకు అటు మధ్య వర్గం, ఇటు అట్టడుగు. కిటికీ గాలికి తెర లేచినప్పుడల్లా నేను పైకి వస్తానా, వాళ్ళు కిందికి వస్తారా? అడిగితే ఆ పిల్లకు నవ్వు ఆగలేదు. మనవరాలైతే పొద్దున ఇటు తింటుంది, సాయంత్రం అటు తింటుంది. దాని వర్గం ఎవరు తేలుస్తారో.

మార్చి 8

ఈ రోజు విశేషాలు లేవు. కూరలో ఉప్పు బాగా పడింది.

మార్చి 10

కాళ్ళు కాస్త ఉబ్బినట్టున్నాయి. నిన్న మెట్లు ఎక్కువ ఎక్కాను, అందుకే. ఉప్పుకీ దీనికీ సంబంధం లేదు. దర్జీ, నా కాళ్ళు చూడకు, రాయి.

మార్చి 11

గ్యాస్ అయిపోయింది. కూర సగం ఉడికి ఆగిపోయింది.

మా వాడికి చెప్పలేదు. కుటుంబ పెద్ద అన్నాక కాస్త హుందాగా ఉండాలి, గ్యాస్ అయిపోయిందని పక్క కుటుంబం వాళ్ళ ముందు చేయి చాపకూడదు. ఆకలి లేదని పడుకున్నాను. కాసేపటికి దర్జీ గిన్నె పట్టుకుని వచ్చాడు. వాళ్ళావిడ పంపిందట. నాకు గ్యాస్ లేదని మీకెవరు చెప్పారన్నాను. వాసన రాలేదు కదా పెద్దమ్మా, అందుకే అన్నాడు. తెలివైనవాడే.

మార్చి 13

దర్జీ భార్యకు ఉప్పు వేయడం రాదు. మూడు పూటల నుంచి చూస్తున్నాను. కూర చేయి తిరిగిన మనిషి వండినట్టే ఉంది, మెత్తగా ఉడికింది, కారం సరిగ్గా పడింది. ఉప్పు మాత్రం లేదు. రాయి. ఏం, రాయవేం? నీ భార్య కాబట్టి రాయవా? రాశానంటున్నాడు. దగ్గుతున్నాడు.

నేను పైన కొంచెం చల్లుకుని తిన్నాను. కొంచెమే. డబ్బా అడుగంటింది, అందుకని.

మార్చి 15

లెక్కల పిల్ల ముఖం వేలాడేసుకుని వచ్చింది. ఒక చిక్కు వచ్చి పడింది అమ్మమ్మా అంది. యంత్రంలో నేను రెండు చోట్ల ఉన్నానట. నా కుటుంబానికి పెద్దగా ఒక చోట, మా వాడి కుటుంబంలో మనిషిగా ఇంకో చోట. ఒకే మనిషి రెండు కుటుంబాల్లో ఉంటే లెక్క చెడిపోతుందట. ఆ పిల్లను పైవాళ్ళు బాగా చివాట్లు పెట్టారట. సూపర్‌వైజరు స్వయంగా వస్తాడట.

నన్ను అటు ఎవరు వేయించారని అడిగాను. ఆ పిల్ల నసిగింది. గట్టిగా అడిగితే చెప్పింది. మా కోడలట. అటు వాళ్ళ వివరాలు అడగడానికి వెళ్ళినప్పుడు, మొదటి పేరు నాదే చెప్పిందట. ఆవిడ పొయ్యి వేరు కదా అని ఈ పిల్ల అంటే, పొయ్యి వేరైతే మనిషి వేరవుతుందా, రాసుకో అని గదమాయించిందట.

నన్నడగకుండా నా పేరు రాయించడానికి అది ఎవరు? కుటుంబ పెద్దనైన నన్ను ఒక్క మాట అడగాలా వద్దా? నాకు చాలా కోపంగా ఉంది. దర్జీ, కోపంగా ఉందని రాయి. ఏమిటా చూపు? నాకు కోపం వస్తే ముఖం ఇలాగే ఉంటుంది.

మార్చి 17

సూపర్‌వైజరు వచ్చాడు. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దానికోసం జేబులు తడుముకునే రకం. కోడలికి సెలవు, మా వాడూ ఇంట్లోనే ఉన్నాడు. తెర పైకెత్తి మేకుకు తగిలించారు, అందరూ కూర్చోవడానికి చోటు చాలక. దర్జీ గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు.

ఆయన ఎక్కువ అడగలేదు. నిన్న మీరు ఎవరి వంట తిన్నారమ్మా అన్నాడు.

 గ్యాస్ లేదని అందరి ముందూ చెప్పాలి. దర్జీ ఇంటి వంట అన్నాను. మొన్న? దర్జీ ఇంటిదే. అంతకు ముందు? అదీ అంతే. అయితే మిమ్మల్ని దర్జీ కుటుంబంలో వేయాలేమో అని ఆయన యంత్రం చేతిలోకి తీసుకున్నాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే. దర్జీ వైపు తిరిగి, ఈవిడ మీ ఇంట్లో తింటున్నట్టేనా అన్నాడు. దర్జీ నీళ్ళు నమిలాడు. నా వైపు చూశాడు, మా కోడలి వైపు చూశాడు, చివరికి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

అప్పుడు కోడలు నోరు విప్పింది.

"గిన్నె వాళ్ళది, కూర నాది."

 మనవరాలు, అవును, నేను కూడా చూశాను అంది.

ఆ కూర ఎవరి చేతిదో నాకు తెలియదని రాయి. మొదటి ముద్దకే తెలిసిందని కూడా రాయి. దర్జీ, ఏది ఉంచావు? రెండూ ఉంచు.

ఇంకేముంది, ఒకే వంట, ఒకే కుటుంబం అన్నాడు సూపర్‌వైజరు. నా కుటుంబాన్ని ఒక్క వేలితో తుడిచేశాడు. పదవి పోయింది. వాళ్ళ వంట తిన్నాను కానీ ఒప్పుకుని తినలేదన్నాను. ఒప్పుకోలు గురించి మా దగ్గర ప్రశ్న లేదమ్మా అన్నాడు.

అంతటితో పోతే బాగుండేది. ఈ కుటుంబం ఊరు మారే ఉద్దేశం ఉందా అని అడిగాడు. ఉందన్నాడు మా వాడు. ఎవరెవరు వెళ్తున్నారని అడిగాడు. మా వాడు గొంతు సవరించుకున్నాడు. కోడలు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని కొంగు అంచు మడతపెడుతోంది. 

"నేను వెళ్ళడం లేదు, రాసుకోండి" అన్నాను.

రాసుకున్నాడు. అప్పుడైనా ఒక్కరు కాదంటారేమోనని చూశాను.

మార్చి 19

నిన్న రాయించలేదు. దర్జీతో మాటల్లేవు. గిన్నె సంగతి నా దగ్గర దాచినందుకు గుండీలు కూడా కుట్టలేదు. ఈ రోజు గుండీల్లేని చొక్కా ఒకటి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, చొక్కా ఎవరో పెళ్ళికొడుకుదట. సరే, రమ్మన్నాను. మీ మేలు కోరే చేశాను పెద్దమ్మా అన్నాడు. నా మేలు నువ్వు కోరుకోనక్కర్లేదు, సూదిలో దారం ఎక్కించు అన్నాను.

వెళ్ళకపోవడమే మంచిది. ఇక్కడ అన్నీ అలవాటు.

మార్చి 20

వెళ్ళకపోవడమే మంచిది. కొత్త ఊళ్ళో నీళ్ళు ఎలా ఉంటాయో.

మార్చి 21

వెళ్ళకపోవడమే మంచిది.

రాయించారు కదా నిన్న కూడా అంటున్నాడు దర్జీ. మళ్ళీ రాయమన్నాను.

మార్చి 22

మా వాడు వచ్చి నా మంచం పట్టె మీద కూర్చున్నాడు. కొత్త చోట లిఫ్టులు ఎంత వేగమో చెప్పాడు. తలుపులు మూసుకునేటప్పుడు చప్పుడే రాదట. మోటారు గురించి చెప్పాడు, తాళ్ళ గురించి చెప్పాడు. ఎంత పెద్ద లిఫ్టునైనా బాగుచేస్తాడు కానీ తల్లితో ఒక్క మాట బాగుచేసుకోలేడు. వాళ్ళ నాన్నా అంతే. లేవబోతూ అన్నాడు, వచ్చేదీ లేనిదీ నీ ఇష్టం అమ్మా అని.

నా ఇష్టమట. రమ్మని పిలిచేవాళ్ళు నీ ఇష్టం అంటారా? పొమ్మనలేనివాళ్ళు అంటారు.

 వాడి చొక్కాకు గుండీ ఊడి ఉంది, కుట్టి పంపించాను.

మార్చి 25

పెట్టెలు సర్దుతున్నారు. మధ్యాహ్నం కోడలు తెర ఎత్తుకుని ఇటు వచ్చి నేల మీద కూర్చుంది. పొయ్యి వేరయ్యాక ఇటు అడుగుపెట్టడం ఇదే మొదలు. ఒళ్ళో బట్టలు పెట్టుకుని మడతపెడుతూ, నా ముఖం చూడకుండా అడిగింది.

"మీ చీరలు ఏ పెట్టెలో పెట్టను అత్తయ్యా?"

"నా చీరలు నా దగ్గరే ఉంటాయి. రానని రాయించాను కదా."

"రాయించారు. విన్నాను."

"వింటూ కూర్చున్నావు. ఒక్క మాట అన్నావా?"

"అందరి ముందూ రమ్మంటే, మీరు అందరి ముందూ మళ్ళీ రానంటారు. అన్ని సార్లు అన్నాక ఇక వెనక్కి తీసుకుంటారా?"

 నేను వేరే వైపు నుంచి వచ్చాను. పిల్లను చూసుకోవడానికి మనిషి కావలసి వచ్చిందా అన్నాను. పిల్ల బడికి పోతుంది, ఆ బడిలోనే సాయంత్రం దాకా ఉంచుకుంటారట అంది. వంటకా అన్నాను. మీ చేతి వంట తింటే మేమందరం మందులు మింగాలి అంది. మరి దేనికి పిలుస్తున్నట్టు అన్నాను.

మడత పెట్టిన చీర విప్పి మళ్ళీ మడత పెట్టింది. నేను తొందర పెట్టలేదు.

"అక్కడ నాకెవరూ తెలీదు అత్తయ్యా. కొత్త పని దొరికేదాకా ఇంట్లోనే ఉండాలి. ఆయన పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వస్తారు, వచ్చి లిఫ్టుల గురించి చెబుతారు. నేను ఎవరితో పోట్లాడను?"

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నేను వస్తే ఊరికే పడి ఉండను, నా నోరు ఊరుకోదన్నాను. తెలుసు, అందుకే అడుగుతున్నాను అంది. అడుగుతున్నావా అన్నాను. అడుగుతున్నానంది. మళ్ళీ అడగమన్నాను. మళ్ళీ అడిగింది.

ఆలోచించి చెబుతానన్నాను. ఈ లోపల చీరలు రెండో పెట్టెలో పైన పెట్టమన్నాను, నలగకుండా.

అడుగున ఉన్న ఈ పుస్తకాన్ని ముందే తీసి దర్జీ దగ్గర పెట్టాను.

మార్చి 29

లెక్కల పిల్లను పిలిపించాను. నా జవాబు మార్చుకోవాలి, వెళ్తున్నాను, రాసుకో అన్నాను. మార్చడానికి వీల్లేదట. లెక్క మూసేసి పైకి పంపించేశారట. అడిగిన రోజున ఏ ఉద్దేశం చెబితే అదే ఖాయమట. అంటే వాళ్ళ పరిశోధనలో ఇల్లంతా వెళ్ళిపోయినా నేను ఒక్కదాన్నే ఇక్కడ కూర్చుని ఉంటాను. పోనీ, ఆ ముసలిదాన్ని కాస్త చూసుకోండి అన్నాను. ఆ పిల్ల నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నీ మెట్టు ఎంతకొచ్చిందని అడిగాను. ఈ రోజుకు అయిదు అంది.

నా చిన్న పొయ్యి ఆ పిల్లకే ఇచ్చాను. హాస్టల్లో పెట్టుకోనివ్వరేమో, దాచి పెట్టుకోమన్నాను.

గుండీలు ఇక ఎవరు కుడతారు పెద్దమ్మా అని దర్జీ అడిగాడు. దారం ఎక్కించుకోవడం వచ్చినవాడికి కుట్టుకోవడం రాదా అన్నాను. ఈ రోజు అతను ఒక్కసారి కూడా నవ్వలేదు. రాయి.

ఏప్రిల్ 6

కొత్త ఇల్లు. లిఫ్టు ఉంది. మా వాడు బాగుచేసింది కాదు, చక్కగా పనిచేస్తోంది.

ఇక్కడ నాకు రాసిపెట్టేవాళ్ళు దొరకలేదు. వెతికాను. కింద కాపలా అతనికి చదువు వచ్చు కానీ ఓపిక లేదు. పక్కింటావిడకు ఓపిక ఉంది కానీ నోరు ఆగదు. మా వాడు రాస్తానన్నాడు, రెండు ముక్కలు రాసి నిద్రపోయాడు.

కాబట్టి కోడలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయాలన్నాను, తన గురించైనా సరే. సరే అంది. వెనకటివి తిరగేసి చదవకూడదన్నాను. దానికీ సరే అంది, కాస్త ఆలస్యంగా.

మొదటి మాట చెప్పాను. నా కోడలు మొండిది.

పెన్ను కదిలింది. నేను చెప్పినదానికంటే ఎక్కువ సేపు కదిలింది. ఏం రాశావు, చదువు అన్నాను.

"నా కోడలు మొండిది, నాకంటే కాస్త తక్కువ" అని చదివింది.

ఆ రెండో ముక్క నేను చెప్పలేదన్నాను. కొట్టేస్తానంది. పెన్ను గీసిన చప్పుడైతే వినబడింది. ఏది కొట్టేసిందో, ఏది ఉంచిందో నాకెలా తెలుస్తుంది? దాని ముఖంలోకి చూశాను. నాకు చదవడం రాని రాత అది కూడా.

సరే, ఉండనీ. తర్వాతి మాట రాయి అన్నాను.